నెత్తి మీద విమానం, టికెట్టు కొనని జనం

బెంగుళూరులో మారతహళ్ళి, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉద్యోగం చేసే మనవాళ్ళకి ఒక విద్య దానంతటదే ఒంటబడుతుంది. కాన్ఫరెన్సు కాల్లో అవతల అమెరికా వాడు ఏదో అడుగుతుంటాడు. సరిగ్గా అప్పుడే నెత్తి మీంచి పాత పంచె చింపినట్టు పర్రుమని శబ్దం వస్తుంది. వెంటనే మ్యూట్ నొక్కి, పది అంకెలు లెక్కపెట్టుకుని, మళ్ళీ ఏమీ జరగనట్టు మాట్లాడతాం. కొత్తగా చేరిన వాళ్ళు కిటికీ దగ్గరికి పరిగెడతారు. పాతవాళ్ళు కుర్చీలోంచి లేవకుండానే "తేజస్", "కాదు, జాగ్వార్" అని టీ పందెం కాస్తారు. హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం పక్కనే ఉంది మరి. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి తరలిపోయాక ఆ రన్‌వే ఎక్కువగా ఇలాంటి వాటిదే.

నేను పందెం కాసే బాపతు. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, ఇది విమానాలంటే గిట్టనివాడు రాస్తున్న టపా కాదు. తక్కువ ఎత్తులో పోయే యుద్ధవిమానం చూస్తే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అయినా కొన్నేళ్ళుగా ఒక సంగతి గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆ విమానం కింద చూసేవాళ్ళు మాత్రమే ఉండరు. చూడ్డానికి రాని వాళ్ళు, అసలు అది వస్తోందని కూడా తెలీని వాళ్ళు ఉంటారు. వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు.

నాకీ పిచ్చి పట్టింది మా ఊళ్ళోనే. మాది మెదక్ జిల్లా, తూప్రాన్ వైపు. దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది కదా, అక్కడ నేర్చుకునే క్యాడెట్లు మా వైపొచ్చి చక్కర్లు కొట్టేవాళ్ళు. అప్పట్లో దీపక్ అని బుల్లి ప్రొపెల్లర్ విమానాలు, కిరణ్ అని జెట్లు ఉండేవి. పొలాల్లో ఉన్న పిల్లలం అంగీలు విప్పి గిరగిరా తిప్పేవాళ్ళం. ఒకసారి ఒక పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపి పోయాడు. ఇక చూస్కోండి, నాకు ఊపాడంటే నాకు ఊపాడని వారం రోజులు కొట్లాట. బర్రెలు మాత్రం తలెత్తి కూడా చూసేవి కావు. మా నాయనమ్మ వడ్లు ఎండబోస్తూ చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఎవల కొడుకులో ఏమో పాపం, పానం అరచేతుల పెట్టుకొని నేర్సుకుంటున్నరు" అనేది. అందరం గాల్లో విమానాన్ని చూస్తుంటే ఆవిడకి అందులో మనిషి కనిపించేవాడన్నమాట.

ఆవిడ భయం ఉత్తిది కాదు. దీపక్ విమానాలు గాల్లో ఇంజన్ ఆగిపోయే జబ్బుతో చాలామంది పైలట్లని పొట్టన పెట్టుకున్నాయి. 2009లో వాటిని పూర్తిగా ఆపేశారు. 2013 నుంచి స్విట్జర్లాండ్ తయారీ పిలాటస్ విమానాలు వచ్చాయి. అవి చాలా నయం. అయినా 2023 డిసెంబరు 4న ఒక పిలాటస్ మా తూప్రాన్ మండలంలోనే రావెల్లి దగ్గర కూలింది. నేర్పే ఆఫీసరు, నేర్చుకునే క్యాడెట్ ఇద్దరూ పోయారు. ఊరి మీద పడలేదు కాబట్టి టీవీల వాళ్ళు రెండ్రోజుల్లో మర్చిపోయారు.

అసలు ఈ యుద్ధవిమానాలు అంత కిందకి ఎందుకు ఎగరాలి అని చాలామంది అడుగుతారు. సరదాకి కాదు. ఇంజనీరుని కదా, ఓ చిన్న లెక్క చెప్పకుండా ఉండలేను, ఓపిక పట్టండి :)

రాడార్ కిరణం దాదాపు సూటిగా పోతుంది, భూమేమో గుండ్రంగా ఉంది. కాబట్టి దిగంతానికి అవతల, కిందగా ఉన్నది రాడార్‌కి కనపడదు. ఎంత దూరంలో కనపడుతుందో తెలియాలంటే విమానం ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 4.1తో గుణిస్తే కిలోమీటర్లలో వస్తుంది. విమానం 10,000 మీటర్ల ఎత్తులో ఉంటే నేల మీది రాడార్‌కి 410 కిలోమీటర్ల దూరం నుంచే చిక్కే అవకాశం ఉంది. అదే విమానం 100 మీటర్ల ఎత్తులో వస్తే 41 కిలోమీటర్లు. గంటకి 900 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 250 మీటర్లు. పైనుంచి వచ్చేవాడిని చూసి సిద్ధం కావడానికి అవతలి వాళ్ళకి దాదాపు 27 నిమిషాలుంటాయి. కిందనుంచి వస్తే మూడు నిమిషాలు కూడా ఉండవు. మధ్యలో ఒక కొండ అడ్డమొస్తే అది కూడా లేదు. జాగ్వార్ లాంటి విమానాలని తయారు చేసిందే ఈ పనికి. రాడార్లు విమానాల్లోకి, ఉపగ్రహాల్లోకి ఎక్కాక ఈ ఎత్తు పాతబడిందనే వాళ్ళున్నారు గానీ ఏ వైమానిక దళమూ ఈ అభ్యాసం మానలేదు.

కింద ఉన్నవాడికి కూడా ఒక లెక్కుంది. శబ్దం వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. విమానం మీకు కిలోమీటరు దూరంలో ఉన్నప్పుడు బయల్దేరిన చప్పుడు మీ చెవికి చేరడానికి మూడు సెకన్లు పడుతుంది. విమానం రావడానికి నాలుగు సెకన్లు. అంటే కిలోమీటరుకి ఒక్క సెకను ముందు మాత్రమే కబురందుతుంది. అందుకే ఎప్పుడూ "అకస్మాత్తుగా వచ్చింది" అంటారు. కిందవాడికి అది నిజంగానే అకస్మాత్తు.

ఆ ఒక్క సెకను ఏమిటో నాకు బాగా అర్థమయింది ఇంగ్లండులో ఆన్‌సైట్ ఉన్నప్పుడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి వేల్స్‌లో ఒక తీర్థక్షేత్రం ఉంది, మాక్ లూప్ అంటారు. డాల్గెలై, మహంతెలత్ అనే రెండు ఊళ్ళ మధ్య వంకర తిరిగిన లోయలు (ఊళ్ళ పేర్లు నేను పలికినట్టు రాస్తున్నాను, వెల్ష్ వాళ్ళు క్షమించాలి). అక్కడ జెట్లు 250 అడుగుల దాకా దిగి లోయల్లోంచి పోతాయి. మనం కొండ వాలు మీద కూర్చుంటే విమానం మన కాళ్ళ కింద నుంచి పోతుంది. విమానాన్ని పైనుంచి చూడ్డం, గద్ద వీపు చూసినట్టు.

శని, ఆదివారాల్లో ఏమీ రావు కాబట్టి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. తోడుగా ఆఫీసులో పక్క సీటు అతను వచ్చాడు. శ్రీలంక తమిళుడు, జాఫ్నా వైపు పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబంతో లండన్ వచ్చేశారు. అతనికి విమానాల మీద ఆసక్తేమీ లేదు, కారు నడపడం ఇష్టం, కొండలు చూడొచ్చు అని బయల్దేరాడు. మూడు గంటలు చలిలో కూర్చున్నాం. నేను కట్టుకెళ్ళిన పులిహోర అయిపోయింది. చుట్టూ కెమెరాల వాళ్ళు, గొర్రెలు, సన్నటి వాన. ఇక పోదాం అనుకుంటుండగా పక్కనున్న ముసలాయన ఏదో అరిచాడు, హాక్ జెట్ ఒకటి మలుపు తిరిగి వచ్చేసింది. నల్లటి రెక్కలు, పైలట్ హెల్మెట్ మెడ తిప్పడం కూడా కనిపించింది. నేను ఎగిరి గంతేశాను. ఒక్క క్షణమే, మళ్ళీ లోయంతా ఖాళీ.

పక్కకి చూస్తే మావాడు లేడు. రాతి వెనక నేలకి కరుచుకుని, చెవుల మీద చేతులు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. తర్వాత లేచి బట్టలకంటిన బురద దులుపుకుని నవ్వేశాడు. "నేను కాదు, నా ఒళ్ళు పడుకుంది" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో మెల్లగా చెప్పాడు. యుద్ధం రోజుల్లో శ్రీలంక వైమానిక దళం దగ్గర ఇజ్రాయెల్ తయారీ కఫీర్ విమానాలుండేవి. వాళ్ళ ఊళ్ళలో నడక రాని పిల్లలకి కూడా ఆ పేరు తెలుసుట. పెరట్లో గొయ్యి తవ్వి పైన తాటిదుంగలు పరిచేవాళ్ళు. శబ్దం వినపడగానే ఆకాశం వైపు చూడకూడదు, గోతిలోకి దూకాలి. అదీ వాళ్ళమ్మ నేర్పిన మొదటి పాఠం. మేము అంగీలు ఊపిన వయసులోనే అతను గోతిలోకి దూకాడన్నమాట.

ఆ రోజు నుంచి నా పిచ్చి తగ్గలేదు గానీ అమాయకత్వం తగ్గింది. మనం పైకి చూసి చప్పట్లు కొడుతున్నామంటే అది మనదని, రెక్కల కింద ఉన్నది మన మీద పడదని నమ్మకం ఉండబట్టి. ఆ నమ్మకం పెద్ద అదృష్టం. దాన్ని మన దగ్గర తేలిగ్గా ఖర్చు పెట్టేస్తున్నారనేదే నా బాధ.

ఉదాహరణకి 2010 మార్చి 3. బేగంపేటలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదటి రోజు. ప్రయాణికుల విమానాలు రెండేళ్ళ ముందే శంషాబాద్ వెళ్ళిపోయాయి గనక ఆ ఖాళీ విమానాశ్రయంలో ప్రదర్శన పెట్టారు. నౌకాదళం వాళ్ళ సాగర్ పవన్ బృందం నాలుగు కిరణ్ విమానాలతో విన్యాసాలు చేస్తోంది. మా మేనత్త వాళ్ళ ఇల్లు బోయినపల్లిలో. నేను పనిగట్టుకుని వాళ్ళ డాబా ఎక్కాను. నాలుగూ పైనుంచి కిందకి దూకుతూ పువ్వు విచ్చుకున్నట్టు విడిపోయాయి. మూడు లేచాయి. అత్త నా పక్కనే ఉంది, "అగో, అది మల్ల లేవలేదురా" అంది. ఆ మాట అయ్యేసరికి నల్లటి పొగ.

కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. విమానం పడింది మైదానంలో కాదు, న్యూ బోయినపల్లి ఇళ్ళ మధ్యలో. కింద కూడా కొందరు గాయపడ్డారు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఉన్నవాళ్ళు వాళ్ళు. ఏ ప్రదర్శనకీ టికెట్టు కొనలేదు, పాస్ అడగలేదు.

ప్రపంచంలో ఈ టికెట్టు కొన్నవాళ్ళ గురించి చాలా ఆలోచించారు. 1988 ఆగస్టు 28న జర్మనీలో రామ్‌స్టైన్ దగ్గర ఇటలీ బృందం విమానాలు మూడు గుద్దుకున్నాయి, ఒకటి జనంలో పడింది. పైలట్లతో కలిపి 70 మంది పోయారు. ఆ తర్వాత ఐరోపా దేశాల్లో నియమాలు బిగించారు. జనం వైపు దూసుకురాకూడదు, వాళ్ళకి ఇంత దూరంలోనే తిరగాలి అని గీతలు గీశారు. ఉక్రెయిన్‌లో 2002లో స్క్నిలివ్ దగ్గర అలాంటి జాగ్రత్త లేక సుఖోయ్-27 జనంలోకి దూసుకుపోయి 77 మంది చచ్చిపోయారు. సరే, గీతలు గీశారు, గీత లోపలున్నవాళ్ళు కాస్త క్షేమం. మరి గీత బయట? 2015 ఆగస్టు 22న ఇంగ్లండులో షోరమ్ దగ్గర పాత హంటర్ యుద్ధవిమానం ఒకటి గుండ్రంగా పల్టీ కొడుతూ లేవలేక హైవే మీద పడింది. 11 మంది పోయారు. ప్రదర్శన మైదానంలో ఉన్న జనానికి ఏమీ కాలేదు. రోడ్డు మీద తమ దారిన తాము పోతున్నవాళ్ళూ, అక్కడ ఆగి ఉన్నవాళ్ళూ పోయారు. బోయినపల్లికీ షోరమ్‌కీ తేడా ఏముంది చెప్పండి?

ఇటలీలో కవలేసే సంగతి ఇంకా ఘోరం. 1998 ఫిబ్రవరి 3న అమెరికా మెరైన్ల ప్రౌలర్ విమానం ఒకటి ఆల్ప్స్ లోయలో పోతూ, మంచుకొండ మీదికెళ్ళే కేబుల్ కారు తీగని తెంపేసింది. తీగ ఉన్న ఎత్తు నేల నుంచి 110 మీటర్లు. అక్కడ అంత కిందకి దిగే అనుమతే వాళ్ళకి లేదు. డబ్బాలో ఉన్న 20 మందీ చనిపోయారు, విమానం మాత్రం క్షేమంగా దిగింది. తమ మ్యాపులో ఆ తీగ లేదన్నారు. అమెరికా సైనిక కోర్టు నరహత్య ఆరోపణ నుంచి పైలట్‌ని వదిలేసింది. చివరికి పైలట్, నేవిగేటర్ల ఉద్యోగాలు పోయింది ఆ రోజు తీసిన వీడియో టేపుని మాయం చేసినందుకు! ఇరవై ప్రాణాలకి కాదు, ఒక టేపుకి.

బెంగుళూరులో ఏరో ఇండియా అప్పుడు ఏం చేస్తారో తెలుసా? కోడి, మేక మాంసం దుకాణాలు మూయిస్తారు. వ్యర్థాలకి గద్దలొస్తాయి, గద్దలు ఇంజన్లలో పడతాయి అని. 2023లో యలహంక చుట్టూ 10 కిలోమీటర్లు, 2025లో 13 కిలోమీటర్లు. మంచిదే, నాలుగు వారాలు బిర్యానీ లేకపోతే ప్రాణం పోదు (మావాళ్ళలో కొందరు ఒప్పుకోరు). నా ప్రశ్న అల్లా, గద్దల కోసం 13 కిలోమీటర్ల లెక్క వేసినవాళ్ళు కింద పడుకున్న మనుషుల కోసం ఎన్ని కిలోమీటర్ల లెక్క వేశారు అని. 2019 ఫిబ్రవరి 19న, ప్రదర్శన రేపనగా, రిహార్సల్లో సూర్యకిరణ్ హాక్ విమానాలు రెండు గుద్దుకుని యలహంకలో పడ్డాయి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ పోయాడు. మర్నాడు ప్రదర్శన మొదలైంది.

అంతకు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 1న, మా ఆఫీసులకి దగ్గర్లో హెచ్.ఏ.ఎల్. రన్‌వే చివర మిరాజ్ కూలి ఇద్దరు పైలట్లు పోయారు. దాన్నీ దీన్నీ నేను ఒకే గాటన కట్టను. అది పరీక్ష. బాగుచేసిన విమానాన్ని ఎవరో ఒకరు మొదట ఎగరేసి చూడాల్సిందే. దుండిగల్ క్యాడెట్లు ఎక్కడో ఒక చోట నేర్చుకోవాల్సిందే, మా ఊరి మీద అయితే మా ఊరి మీదే. దేశానికి అవసరమైన ప్రమాదంలో కొంత భాగం మోయడానికి మా ఊరివాళ్ళెవరూ వెనకాడరు. కాకపోతే చెప్పి చేస్తే బాగుంటుంది. వేల్స్‌లో అదే లోయల ప్రాంతానికి ఏ రోజు ఏ గంటల్లో బాగా కిందకి ఎగురుతారో ప్రభుత్వం ముందే టైంటేబుల్ పెడుతుంది. ఫిర్యాదుకి దారి ఉంది. విమానం చప్పుడుకి పశువులకి నష్టమైతే రైతు పరిహారం అడగొచ్చు, దానికో పద్ధతి రాసిపెట్టారు. రక్షణ రహస్యాలు వాళ్ళకి మాత్రం లేవా? రోజూ జరిగే శిక్షణకి ఇలాంటి టైంటేబుల్ ఒకటి మన దగ్గర తహసీల్దారు ఆఫీసు గోడ మీద అంటిస్తే ఏ శత్రువుకీ కొత్తగా తెలిసేదేమీ లేదు.

ప్రదర్శన మాత్రం వేరు. అది అవసరం కాదు, వేడుక. వేడుక చేసుకునేవాళ్ళే దాని ప్రమాదం మొయ్యాలి. విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళం వాళ్ళు చేసే విన్యాసాలు చూడండి. జనం ఇసుక మీద, విమానాలు నీళ్ళ మీద. ఏదైనా తేడా వస్తే పడేది సముద్రంలో. చూసేవాళ్ళకి తక్కువయిందా అంటే లేదు, మిగ్-29 అలల మీంచి నిట్టనిలువుగా లేస్తుంటే బీచ్ మొత్తం హోరెత్తిపోతుంది. సముద్రం ఒక్కటే చాలదు లెండి. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనాలో విమానాలన్నీ నీళ్ళ మీదే చక్కగా ఎగిరాయి, ఎండలో, తొక్కిడిలో నిలబడ్డ జనంలో ఐదుగురు పోయారు. నీళ్ళు, నీడ, బయటికెళ్ళే దారి కూడా విన్యాసంలో భాగమే అనుకోవాలి. 2025 నవంబరు 21న దుబాయ్‌లో మన తేజస్ కూలినప్పుడు వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ ఒక్కడే పోయాడు, కింద ఇళ్ళు లేవు. ఒక్కడే అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అదే బేగంపేట అయ్యుంటే?

బేగంపేటలో వింగ్స్ ఇండియా పేరుతో ఇప్పటికీ రెండేళ్ళకోసారి విమానాల పండగ జరుగుతోంది. చుట్టూ సనత్‌నగర్, బోయినపల్లి, అమీర్‌పేట. 2010 కంటే ఇప్పుడు అపార్టుమెంట్లు ఎన్నో రెట్లు. విమానాలు నేల మీద పెట్టి చూపించండి, ఎక్కి ఫోటోలు దిగనివ్వండి, ఒప్పందాలు చేసుకోండి. పల్టీలు మాత్రం ఆ ఊరి నడిబొడ్డున వద్దు. హైదరాబాదుకి సముద్రం లేదు కాబట్టి హైదరాబాదులో పల్టీలుండవు, అంతే. అన్ని ఊళ్ళకీ అన్నీ ఉండాలని ఏముంది? విశాఖకి చార్మినార్ ఉందా?

ఈ మాట ఆఫీసులో అంటే ఒకతను గట్టిగా తగులుకున్నాడు. "అవి చూసే కదా పిల్లలు ఎయిర్‌ఫోర్సులో చేరేది, నువ్వు చూడలేదా చిన్నప్పుడు?" అని. చూశాను. రెక్కలు ఊపిన ఆ పైలట్ విన్యాసాలేమీ చెయ్యలేదు, తన పాఠం తాను నేర్చుకుంటూ పోతూ పొలంలో పిల్లల్ని గమనించాడు. మాకు అంత చాలింది. మా నాయనమ్మకి అదీ అక్కర్లేదు, అతను మళ్ళీ కిందకి క్షేమంగా దిగితే చాలు.